ఫోనులో వచ్చు వలపు మోసము

పంట ఋణములు, ఎరువులు, విత్తనములు, గిడ్డంగులు - వీనిని గూర్చి ప్రకటింపవలసిన సంఘపత్రికలో వలపుమాటల ప్రసంగ మేల యని సభ్యులలో కొందఱు నవ్వుకొనవచ్చును. నవ్వుకొనుటకు ముందు ఒక్క సంగతి యోచింపవలెను. ఇట్టి మోసములలో పోవు ధనము ఎచ్చటినుండి వచ్చుచున్నది? మొదట బ్యాంకులో నిలువయున్న మొత్తము పోవును. పిదప మెడలోని గొలుసు తాకట్టునకు వచ్చును. ఆమీదట చేబదుళ్లు, అటుపిమ్మట సేద్యమునకని తీసికొన్న ఋణము, తుదకు అరయెకరము మడి. సంఘపు బల్లయొద్ద బంగారము తూకము వేయించు సభ్యుని, ఈ సొమ్ము దేనికొఱకని గ్రుచ్చి యడుగు వాడుక మనకు లేదు. అడుగుట మర్యాద గాదని తలంచువారును కలరు. కావున రైతు కూడబెట్టిన ధనము మన చేతులమీదుగనే మోసగానికి చేరుటకు వీలున్నది. ఇది మన విషయమే.

ముక్కు మొగము తెలియని వ్యక్తి ఫేసుబుక్కు, ఇన్‌స్టాగ్రాము, వాట్సాపు, టెలిగ్రాము, పెండ్లి సంబంధముల సైట్లు మొదలగువాని ద్వారా పరిచయము చేసికొని, ప్రేమ నటించి, నమ్మకము కుదిరిన పిదప ఏదో యొక మిషమీద సొమ్ము లాగుటయే యీ మోసము. ఇది క్రొత్తవిద్య యని తలంపరాదు. పందొమ్మిదవ శతాబ్దమున ఐరోపా, అమెరికా ఖండములలో "స్పెయిను ఖైదీ" ఉత్తరములని యొక మోసము ప్రసిద్ధి కెక్కెను. స్పెయిను దేశపు చెఱసాలలో నొక ధనవంతుడు మగ్గుచున్నాడనియు, కొంత సొమ్ము పంపి ఆతనిని విడిపించినచో దాచియుంచిన నిధిలో భాగ మిచ్చుననియు ఆ యుత్తరములలో వ్రాసెడివారు. ఆతనికి దిక్కులేని కుమార్తె కలదని చేర్చుటయు పరిపాటి. అయితే నాడు ఉత్తరము పోయి జవాబు వచ్చుటకు వారములు పట్టెడిది. ఆ వ్యవధిలో ఇంటివారితో ఆలోచించుకొనుట కవకాశ ముండెడిది. నేడు ఫోను దిండుక్రింద నుండును. రాత్రి రెండుగంటలకు మెలకువ వచ్చినను అవతలివాడు మేలుకొనియే యుండును.

అమెరికా సంయుక్త రాష్ట్రములలోని ఫెడరల్ ట్రేడ్ కమిషను అను ప్రభుత్వ సంస్థకు 2022 సంవత్సరమున సుమారు 70,000 మంది ఇట్టి మోసమును గూర్చి ఫిర్యాదు చేసిరి. వారు చెప్పిన నష్టము మొత్తము 130 కోట్ల డాలర్లు. నష్టపోయినవారిని తక్కువనుండి ఎక్కువకు వరుసగా నిలిపినచో నడుమ నున్నవాని నష్టము 4,400 డాలర్లు. చదువునకు, బ్యాంకులకు, న్యాయస్థానములకు కొదువలేని దేశపు లెక్క యిది. సిగ్గుచే ఫిర్యాదు చేయనివారు ఈ లెక్కలో చేరలేదు. కావున మోసపోవుట చదువురానివారి దోషమని యనుకొనుట పొరపాటు. మోసగాడు వెదకునది ఒంటరితనమును.

ఒంటరితనమునకు మన గ్రామములలో కఱవు లేదు. పిల్లలు హైదరాబాదునందో బెంగుళూరునందో డాలసునందో స్థిరపడగా, భార్యను పోగొట్టుకొని నాలుగుగదుల యింటిలో నొక్కడే యన్నము వండుకొను వృద్ధరైతు కలడు. కువైటునకో దుబాయికో పోయిన భర్త రెండేండ్ల కొకమారు వచ్చుటచే ఇల్లు, పొలము, అత్తమామలు, బిడ్డలు అను బరువులన్నియు నొక్కతెయే మోయు స్త్రీ కలదు. ముప్పదియైదేండ్లు దాటినను సంబంధము కుదరని యువరైతు కలడు. ఈ కడపటివాని కష్టము మన సభ్యులకు విప్పిచెప్ప నక్కఱలేదు. మాగాణి యెంత యున్నను, సేద్యగానికి పిల్ల నిచ్చుటకు వెనుకాడు కాలము వచ్చినది. వీరిలో ఎవ్వరును దురాశాపరులు కారు. పలుకరించువారు లేక పలుకరించినవానిని నమ్మినవారు.

ఈ మోసము నడుచు వరుసను దృష్టాంతముగ చెప్పుదుము. ఇది ఏ యొక్కరి కథయు గాదు; ఇట్టి ఫిర్యాదులలో మాటిమాటికి కనబడు పోకడలను ఒకచో కూర్చి చెప్పుచున్నాము. భర్తను కోల్పోయిన యేబదియేండ్ల గృహిణికి ఫేసుబుక్కులో నొక స్నేహవిజ్ఞప్తి వచ్చును. పంపినవాడు లండనులో వైద్యుడట, భార్య మరణించినదట, ఎనిమిదేండ్ల కూతురు కలదట. ఫొటోలో తెల్లకోటు, మెడలో స్టెతస్కోపు. మొదటి పదిదినములు సొమ్ము ప్రసక్తియే యుండదు. తెల్లవాఱగనే శుభోదయము, మధ్యాహ్నము "భోజనమైనదా?", రాత్రి "మోకాలినొప్పి తగ్గినదా?" అను పరామర్శ. ఆ మోకాలినొప్పిని గూర్చి యింటిలో నెవ్వరైనను అడిగి యేడాదియైనది. మూడవ వారమునకు "నీవు లేక నేను జీవింపజాల"నను మాట వచ్చును. ఈలోపుగ సంభాషణను ఫేసుబుక్కునుండి వాట్సాపునకు మార్పించును. అచ్చట నెవ్వరైన ఫిర్యాదు చేసి వాని ఖాతా మూయించినను ఈ పరిచయము తెగిపోకుండుటకే యిది. "మన సంగతి ఇప్పుడే మీవారికి చెప్పవలదు, వారికి గిట్టదు" అని మెల్లగా చేర్చును. ఈ మాటను పాఠకులు గుర్తుంచుకొనవలెను. దీనికడకు మఱల వత్తుము.

నెల గడచిన పిదప కానుకల పెట్టె పంపితినని చెప్పి, నగలు, ఫోను, పౌండ్ల నోట్లు పేర్చిన పెట్టె ఫొటో చూపించును. రెండుదినములకు ఢిల్లీ విమానాశ్రయపు కస్టమ్సు కార్యాలయము నుండి యని యొక స్త్రీ ఫోను చేయును. సుంకము 35,000 రూపాయలు కట్టవలెను. కట్టిన మఱునాడు, పెట్టెలో విదేశీ నోట్లు బయటపడినవనియు, ధ్రువపత్రమునకు 1,20,000 కావలెననియు, లేనిచో కేసు పెట్టుదుమనియు బెదరించును. అంతవఱకు ఆశ పనిచేసినది. ఇక భయము పనిచేయును. గొలుసు తాకట్టునకు వచ్చునది ఈ ఘట్టముననే. పెట్టె లేదు, వైద్యుడు లేడు, ఎనిమిదేండ్ల కూతురు లేదు. ఫొటో మాత్రము నిజమైన మనుష్యునిదే. ఆతనికి తెలియకుండ దొంగిలించినది.

కస్టమ్సు శాఖవారు ఫోనుచేసి, ఎవరో యొక వ్యక్తి ఖాతాలో సుంకము జమచేయుమని యెన్నడును అడుగరు. ఆ శాఖ పంపు ఉత్తరములపై డిన్ అను గుర్తింపు సంఖ్య యుండును. అది నిజమైనదా కాదా యని కేంద్ర పరోక్ష పన్నులు, కస్టమ్సు బోర్డువారి వెబ్‌సైటులో ఎవరైనను సరిచూచుకొనవచ్చును. ఇంటిలో చదువుకొన్న పిల్లలున్నచో ఐదునిమిషముల పని.

పెండ్లికాని యువకులపై ప్రయోగించు పద్ధతి వేఱు. పెండ్లి సంబంధముల కార్యాలయమునుండి యని ఫోను వచ్చును. నమోదు రుసుము కొన్నివేలు కట్టించుకొని పదిమంది పిల్లల ఫొటోలు పంపుదురు. వారిలో నొకతె స్వయముగ మాటలాడును; తనకు పల్లెటూరన్న ప్రీతి యనియు, సేద్యము చేయువానినే పెండ్లాడుదుననియు చెప్పును. ఇట్టి మాట వినుటకు ఆ యువకుడు పదేండ్లనుండి కాచుకొనియున్నాడు. పిదప తల్లికి జబ్బు, తమ్మునికి ఫీజు, చూపులకు వచ్చుటకు దారిఖర్చు. బయలుదేరిన దినముననే యేదో ప్రమాదము. 2016 జూనులో కేంద్రప్రభుత్వము పెండ్లి సంబంధముల సైట్లకు సూచనలు జారీచేసి, సభ్యుల గుర్తింపును పరీక్షింపవలెనని చెప్పినది నిజమే. అయినను వారి పరీక్షను నమ్మి మన విచారణ మానుట తగదు. పూర్వము సంబంధము చూచునపుడు ఇంటిపేరు, మేనమామలు, ఆ యూరిలో మన కెఱిగినవారు - ఇవి యన్నియు విచారింపక గుమ్మము తొక్కెడివారు కారు. ఆ చాదస్తమును చూచి పిల్లలు నవ్విరి. ఈ యొక్క విషయమున చాదస్తమే మేలని మా యభిప్రాయము. ఇద్దఱు పెద్దలు ఆ యింటికి పోయి, ఆ పిల్లను, ఆమె తలిదండ్రులను కన్నులార చూచి వచ్చువఱకు ఒక్క రూపాయియు కదలరాదు.

ఈ మూడింటిలో ఘోరమైనది పెట్టుబడుల పేరిట జరుగునది. "రమేషుగారేనా? క్షమించండి, నంబరు తప్పినది" అని వాట్సాపులో నొక సందేశము వచ్చును. మర్యాదకు జవాబిచ్చినచో పరిచయము మొదలగును. అవతల నున్న యువతి సింగపూరులోనో ముంబయిలోనో వ్యాపారము చేయుచున్నదట. వారములకొలది సొమ్ము మాట యెత్తదు. ఒకనాడు తాను క్రిప్టోలోనో బంగారములోనో పెట్టుబడి పెట్టి యింత సంపాదించితినని యథాలాపముగ చెప్పి, తనకు తెలిసిన యొక యాపును ఫోనులో పెట్టించును. మొదట 5,000 పెట్టించి, 6,000 తిరిగి చేతి కిప్పించును. ఇదియే యెఱ. పిదప మూడులక్షలు, ఐదులక్షలు. తెరమీద లాభము దినదినము పెరుగుచుండును; అది యంతయు మోసగాండ్రు వ్రాసిపెట్టిన అంకెలు మాత్రమే. సొమ్ము వెనుకకు తీయబోవగా, ముందు పన్ను కట్టవలెనందురు. పన్ను కట్టిన పిదప మఱియొక రుసుము. నిజమైన పన్నును లాభమునుండి మినహాయింతురు గాని, చేతి సొమ్ము ముందు కట్టినగాని నీ సొమ్ము నీ కీయమని యెవ్వరును అనరు.

చైనా భాషలో దీనిని పందిని మేపి కోయు ఆట యను అర్థము వచ్చు పేరుతో పిలుచుచుండిరి. ఆ పేరే లోకమంతట వ్యాపించెను. అంతర్జాతీయ పోలీసు సంస్థయగు ఇంటర్‌పోలు 2024 డిసెంబరులో ఆ పేరు మానవలెనని కోరెను. మోసపోయినవానిని పందితో పోల్చినచో వాడు సిగ్గుచే ఫిర్యాదునకు రాడనియు, మోసగాండ్రకు అదియే లాభమనియు ఆ సంస్థ యభిప్రాయము. పేరులోని యవమానమే పోలీసులకు అడ్డు వచ్చినపుడు, ఇంటిలో మన మనెడి మాటల సంగతి చెప్పవలసినదేమున్నది?

అవతల కూర్చుండి యీ తీయని మాటలు వ్రాయువా రెవరు? ఇది తెలిసికొనదగిన విషయము. ఐక్యరాజ్యసమితి మానవహక్కుల కార్యాలయము 2023 ఆగస్టులో ప్రకటించిన నివేదిక ప్రకారము, మయన్మారులో కనీసము 1,20,000 మందిని, కంబోడియాలో సుమారు 1,00,000 మందిని నిర్బంధించి వారిచే ఇట్టి మోసములు చేయించుచుండవచ్చును. ఉద్యోగమని నమ్మి పోయినవారి పాసుపోర్టులు లాగికొని, దినమున కింతమందిని వల వేయవలెనని నిర్ణయించి, వేయలేనిచో కొట్టుదురు. 2024 మే నెలలో విశాఖపట్నము పోలీసులు, డేటా ఎంట్రీ ఉద్యోగములని చెప్పి యువకులను కంబోడియాకు పంపిన ఏజెంట్లను పట్టుకొనిరి. అచ్చట చిక్కుకొన్న మన ప్రాంతపు యువకులు కొందఱు ఆ నెలలోనే తిరిగి వచ్చిరి. 2025 మార్చిలో మయన్మారు సరిహద్దులోని మోసపు కేంద్రములనుండి విడిపింపబడిన 500 మందికి పైగా భారతీయులను థాయిలాండునుండి వాయుసేన విమానములలో స్వదేశమునకు తెచ్చిరి. వారిలో తెలుగువారును ఉండిరి. కావున "నీవు లేక జీవింపజాల"నని వ్రాసినది మన పొరుగుతాలూకా కుఱ్ఱవాడే కావచ్చును; వాని వెనుక కఱ్ఱ పట్టుకొని మఱియొకడు నిలిచియుండవచ్చును. ఆగ్నేయాసియా దేశములలో సులభమైన జీతమని చెప్పి పిల్లవానిని పంపుమనువాడు వచ్చినపుడు, వాడు ప్రభుత్వపు ఈ-మైగ్రేటు సైటులో నమోదైన ఏజెంటు అగునా కాదా యని మొదట చూడవలెను.

ఇక గుర్తు పట్టుట. వీడియోలో ముఖము చూచితిమి, ఇక సందేహ మేల యని చాలమంది యడుగుదురు. ఆ ధైర్యమునకు కాలము చెల్లినది. కృత్రిమమేధ సహాయముతో ఒకని ముఖముపై మఱియొకని ముఖమును, ఒకని గొంతుకపై మఱియొకని గొంతుకను అతుకుచున్నారు. 2024 అక్టోబరులో హాంకాంగు పోలీసులు ఇట్లు ముఖములు మార్చి ప్రేమ నటించిన ముఠాలో 27 మందిని నిర్బంధించిరి. ఆ ముఠా లాగిన సొమ్ము సుమారు 4 కోట్ల 60 లక్షల డాలర్లు. ఫ్రాన్సు దేశమున నొక స్త్రీ, హాలీవుడ్ నటుడు బ్రాడ్ పిట్ తనను ప్రేమించుచున్నాడని నమ్మి, ఆసుపత్రి మంచముమీద నాతడున్నట్లు కల్పించిన ఫొటోలు చూచి, చికిత్సకని 8,30,000 యూరోలు పంపెను. 2025 జనవరిలో ఆ కథ టెలివిజనులో రాగా, జనులు మోసగానిని విడిచి ఆమెను ఎంతగా గేలిచేసిరనగా, ఆ కార్యక్రమమును ప్రసారసంస్థ ఉపసంహరించుకొనవలసి వచ్చెను. చూచితిరా, ఎవరి నేరమునకు ఎవరికి శిక్ష!

ఫొటో నిజమా కాదా యని తెలిసికొనుటకు గూగుల్ లెన్స్ అను సాధనము ఫోనులోనే యుండును. ఆ ఫొటోను దానిలో వెదకినపుడు వేఱొక పేరుతో వేఱొక చోట కనబడినచో మోసమని నిశ్చయింపవచ్చును. కనబడలేదు గనుక నిజమని మాత్రము నిశ్చయింపరాదు. కల్పించిన ముఖములు ఎచ్చటను కనబడవు. దీనికన్న మేలైన గుర్తు సొమ్ము పోవు దారియందున్నది. యూపీఐ ద్వారా పంపునపుడు పిన్ కొట్టుటకు ముందు అవతలి ఖాతాదారుని పేరు తెరమీద వచ్చును. లండను వైద్యునికి పంపు సొమ్ము ఏదో యూరిలోని యెవరో యొకని పేరిట పోవుచున్నచో, వారమునకొక క్రొత్త పేరు వచ్చుచున్నచో, వేఱు సాక్ష్యముతో పనిలేదు. త్వరగా ముదిరిన ప్రేమ, కలిసికొనుటకు ప్రతిసారి యడ్డుపడు ఆపద, ఇంటివారికి చెప్పవలదను నియమము, గంటలో పంపవలెనను తొందర - ఇవి యన్నియు అనుమానింపదగినవే. అయినను వీని నన్నిటిని మఱచినను, చూడని మనిషి సొమ్మడిగెనా యను నొక్క ప్రశ్నను మఱవకున్నచో చాలును.

మన తల్లియో తండ్రియో చెల్లెలో ఇట్టి వలలో నున్నట్లు తెలిసినపుడు ఏమి చేయవలెను? ఈ వ్యాసమునకు ముఖ్యభాగ మిదియే. సాధారణముగ ఇంటివారు చేయు పని యేమనగా, ఫోను లాగికొని, "ఈ వయసున నీకిదేమి బుద్ధి" యని నలుగురిలో నిందింతురు. మోసగాడు మొదటినుండియు కోరుచున్న దిదియే. "మీవారికి గిట్టదు" అని వాడు ముందే చెప్పియున్నాడు గదా. "నీ యాస్తిమీదనే వారి కన్ను" అని కూడ చెప్పియుండును. ఇప్పుడు కొడుకు వచ్చి కేకలు వేయగా, వాడు చెప్పినదంతయు నిజమైనట్లు తల్లికి తోచును. ఫోను లాగికొన్న మఱునాడే పొరుగింటి ఫోనునుండి సొమ్ము పంపినవారు కలరు.

దానికి మాఱుగ, ఇంటిలో ఆ మనిషికి ఎవరిమీద ఎక్కువ నమ్మకమో వారు పూనుకొనవలెను. ఆస్తిలో భాగస్వామియగు పెద్దకొడుకుకన్న, తోబుట్టువో చిన్ననాటి స్నేహితుడో మనుమరాలో మేలు. మొదటిదినము తీర్పు చెప్పరాదు. కథయంతయు వినవలెను. వినిన పిదప ప్రశ్నలు మాత్రమే వేయవలెను: ఆయనను మనవారిలో నెవ్వరైనను చూచినారా? పంపిన సొమ్ము ఎవరి పేరిట పోయినది? ఆ పేరు ఆయనది కాదేల? జవాబు వెదకుకొనుటలో ఆమెకే సందేహము కలుగవలెను. మనము చెప్పిన సందేహము ఆమె మనస్సున నిలువదు. పిదప నొక పరీక్ష సూచింపవచ్చును. "ఒక నెలపాటు సొమ్ము పంపవలదు, మాటలు మాత్రము సాగనీ. పొలము పత్రములు కొడుకు దగ్గఱ నున్నవని చెప్పుము." నిజమైన స్నేహితుడు కాచుకొనును. మోసగానికి కాచుకొను తీరిక యుండదు. రెండుదినములలో వాని భాష మాఱును, వేడుకొనుట తిట్లలోనికి దిగును. ఆ తిట్లు చేయు పని మన నూఱు ఉపన్యాసములును చేయజాలవు.

నిజము తెలిసిన దినము మిక్కిలి కష్టమైనది. సొమ్ము పోయినదని మన మనుకొందుము. ఆమెకు పోయినది సొమ్మొక్కటే కాదు; ఆఱునెలలు దినమున కైదుసార్లు పలుకరించిన తోడు ఒక్కక్షణములో లేకుండ పోయినది. చావు జరిగిన యింటిలో వలె ఆ మనిషిని కనిపెట్టి యుండవలెను. కొన్నాళ్లు ఒంటరిగ విడువరాదు. పురుగుమందుల డబ్బాలు అందుబాటులో నుంచరాదు. ఈ మాట రైతుల యిండ్లకు ప్రత్యేకించి చెప్పుచున్నాము. మనోవ్యథ యెక్కువగ నున్నచో 14416 అను నంబరునకు ఫోను చేసినచో టెలి-మానస్ అను ప్రభుత్వ సేవలో నిపుణులు తెలుగులోనే మాటలాడుదురు, ఖర్చు లేదు.

దూరదేశముల నున్న కుమారులకు, కుమార్తెలకు ఒకమాట. మీరు ఆదివారమున కొకమారు ఫోను చేసి, ధాన్యము అమ్మితిరా, బీమా కట్టితిరా యని యడుగుచున్నారు. మోసగాడు ప్రతిదినము భోజనమైనదా యని యడుగుచున్నాడు.

సొమ్ము పోయినట్లు తెలిసిన వెంటనే చేయవలసిన పని 1930 నంబరునకు ఫోను చేయుట. ఇది దేశమంతటికి నొక్కటే నంబరు. 2021లో ఆరంభమైన యీ యేర్పాటు ప్రకారము, ఫిర్యాదు అందగనే సొమ్ము చేరిన బ్యాంకునకు వర్తమానము పోవును. ఆ మొత్తమును మోసగా డింకను తీసికొననిచో నిలిపివేయుదురు. అయితే మోసగాండ్రు సొమ్మును నిమిషములలో ఒక ఖాతానుండి మఱియొక ఖాతాకు, అందునుండి నాలుగు ఖాతాలకు మార్చుచుందురు. కావున రేపు పెద్దలతో ఆలోచించి చేయుదమనుకొన్న ఫిర్యాదు వలన ప్రయోజనము స్వల్పము. ఫోను చేయునపుడు ఏ బ్యాంకు, ఎంత మొత్తము, ఏ గంటకు, లావాదేవీ సంఖ్య యేది యను వివరములు చేత నుంచుకొనవలెను. సైబర్‌క్రైమ్.గవ్.ఇన్ అను ప్రభుత్వపు సైటులోను వ్రాయవచ్చును. సిగ్గుచే సందేశములను తుడిచివేయుట చాలమంది చేయు తప్పు, అవియే సాక్ష్యము. నేరము ఎచ్చట జరిగినదను పేచీ లేకుండ ఏ పోలీసు స్టేషనులోనైనను సమాచార మియ్యవచ్చునని 2024 జూలై 1 నుండి అమలులో నున్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ విభాగము చెప్పుచున్నది. వేషము మార్చి మోసగించుటకు భారతీయ న్యాయసంహిత 319వ విభాగము క్రింద ఐదేండ్లవఱకు, మోసగించి సొమ్ము లాగుటకు 318వ విభాగము క్రింద ఏడేండ్లవఱకు కారాగారశిక్ష కలదు.

పోయిన సొమ్ము తిరిగి యిప్పింతుమని, దానికి ముందుగ కొంత రుసుము కట్టుమని కొన్నాళ్లకు మఱియొకడు ఫోను చేయును. వాడును ఆ ముఠావాడే యని తలంపవలెను. అట్లే, వీడియోలో ఏకాంతముగ మాటలాడుచు తీసిన బొమ్మలను బంధువులకు పంపుదుమని బెదరించువానికి ఒక్క రూపాయియు నియ్యరాదు. ఇచ్చినచో అడుగుట మానడు; ఇచ్చువాడు దొరికెనని మఱింత యడుగును. దానికిని 1930 నంబరే.

మఱియొక ప్రమాదము మన యువసభ్యుల నుద్దేశించి చెప్పవలసియున్నది. ఈ ప్రేమికులు కొన్ని సమయములలో సొమ్ము అడుగుటకు బదులు, "నీ ఖాతాలో కొంత మొత్తము వేయింతును, దానిని ఫలానావారికి పంపుము" అని కోరుదురు. మఱికొందఱు పాసుపుస్తకము, ఏటీఎం కార్డు నెలకింతయని అద్దెకు అడుగుదురు. అట్లు ఇచ్చినవాని ఖాతాలో పడునది మఱియొక గ్రామములోని వృద్ధురాలి గొలుసు సొమ్ము. పోలీసులు వచ్చునది ఆ ఖాతాదారుని యింటికే. ఖాతా నిలిచిపోయినచో ధాన్యపు సొమ్ము, రైతు భృతి యన్నియు నందులోనే చిక్కుకొనును.

సంఘము చేయదగిన పనులు పెద్దవి కావు. వృద్ధసభ్యు డెవ్వరైనను ఫోను చెవివద్ద నుంచుకొని తొందరగ బంగారము తాకట్టు పెట్టవచ్చినపుడు, కార్యదర్శి ఆయనను లోపలి గదిలోనికి పిలిచి, మంచినీళ్లిచ్చి, ఫోను కట్టించి, "సొమ్ము ఎవరికి పంపుచున్నారు? వారిని మీరు చూచినారా?" యని రెండుప్రశ్నలు వేయవలెను. ఋణము నిరాకరించు హక్కు మనకు లేదు. ఒక పూట ఆలస్యము చేయుటకు వీలున్నది. సర్వసభ్యసమావేశమున ఈ విషయము ప్రస్తావించునపుడు, మోసపోయినవారి పేర్లు వేదికమీద చెప్పరాదు, వారిని నిలువబెట్టరాదు. నోటీసుపలకమీద వడ్డీరేట్ల క్రింద 1930 అను అంకెను పెద్దయక్షరములతో వ్రాయింపవలెను. ఫోను కలుపుట రాని సభ్యునికి గుమాస్తా తానే కలిపి చేతి కియ్యవలెను; చదువురానివాని లావాదేవీ సంఖ్యను తానే చదివి చెప్పవలెను. పని ముగింపువేళ దాటియున్నను ఈ యొక్క పనికి బల్ల మూయరాదు.